తట్టుకునే రకం అంటే దేన్ని తట్టుకునేది?

"ఈ రకం అగ్గితెగులును తట్టుకుంటుంది" అన్న మాట విత్తన సంచుల మీదా, కరపత్రాల్లోనూ, రైతుల వాట్సాప్ గ్రూపుల్లోనూ తెగ తిరుగుతుంటుంది. అబద్ధమేమీ కాదు గానీ అది సగం మాటే. తట్టుకోవడం అన్నది వరి రకం ఒక్కదానికే చెందిన గుణం కాదు. ఆ మొక్కలోని ఒక జన్యువుకూ, దాని మీద వాలిన శిలీంధ్రంలోని ఒక జన్యువుకూ మధ్య కుదిరే లెక్క అది. శిలీంధ్రం వైపు జన్యువు మారిందంటే వరిలో ఒక్క అక్షరం మారకపోయినా నిన్నటిదాకా నిలబడ్డ రకం ఈ యాసంగికి మాడిపోవచ్చు. అప్పుడు విత్తనం కల్తీ అయిందని షాపులో గొడవ మొదలవుతుంది. నిజంగా కల్తీ అయిన కేసులు ఉంటాయి, కాదనడం లేదు, కానీ విత్తనం నిక్షేపంగా ఉండి తెగులే మారిపోయిన కేసులూ ఉంటాయి, వాటి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

తెగులు గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఆకు మీద రెండు కొసలూ సన్నగా, నడుమ వెడల్పుగా నూలుకండె ఆకారంలో మచ్చలు వస్తాయి, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు. మచ్చలు కలిసిపోతే ఆకు ఎండిపోతుంది. వెన్ను మెడ దగ్గర పట్టుకుంటే దాన్ని మెడవిరుపు అంటారు, ఇక పైన గింజ పాలు పోసుకోదు, తాలే మిగులుతుంది. చలి రాత్రులు, పొద్దెక్కేదాకా ఆకు మీద మంచు, దానికి తోడు మోతాదు మించిన యూరియా, ఈ మూడూ కలిస్తే తెగులుకు పండగే. కారకం మాగ్నపోర్తె ఒరైజే అనే శిలీంధ్రం, పైరిక్యులేరియా అన్నా ఇదే. వరిలో దీన్ని తట్టుకునే జన్యువులకు పై54, పై9, పై-టా అని పేర్లు ఉండటానికి ఆ పైరిక్యులేరియాయే కారణం. ఇప్పటిదాకా ఇలాంటి జన్యువులు వందకు పైనే గుర్తించారు.

శిలీంధ్రం లోపలికి దూరే పద్ధతి తెలిస్తే మొక్క ఎక్కడెక్కడ దాన్ని గుర్తుపట్టగలదో అర్థమవుతుంది. గాలికి కొట్టుకొచ్చిన బీజం తడి ఆకుకు అంటుకుని కొన్ని గంటల్లో మొలకెత్తుతుంది, మొలక కొస ఉబ్బి గుండ్రటి బుడగలా తయారవుతుంది. ఆ బుడగ గోడకు మెలనిన్ పూత పడుతుంది, లోపల గ్లిసరాల్ పేరుకుంటుంది, గ్లిసరాల్ నీళ్ళను లాగుతుంది, దాంతో లోపలి ఒత్తిడి సుమారు 80 అట్మాస్ఫియర్లకు చేరుతుంది. కారు టైరులో ఉండే దానికి ఇది 30 రెట్ల పైమాటే. ఆ ఒత్తిడితోనే సన్నటి మేకులాంటి భాగం ఆకు పైపొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. రైతులందరికీ తెలిసిన ట్రైసైక్లజోల్ మందు చేసే పని ఆ మెలనిన్ తయారవకుండా ఆపడం. పూత లేకపోతే ఒత్తిడి నిలవదు, ఒత్తిడి లేకపోతే పొడవలేదు. అందుకే అది ముందుగా కొడితేనే బాగా పనికొచ్చే మందు. మచ్చ పడ్డాక కొడితే కొత్త మచ్చలు తగ్గుతాయేమో గానీ పడిన మచ్చ మానదు.

ఇక మొక్క సంగతి. మనకున్నట్టు ఒళ్ళంతా తిరిగే రక్షక కణాలు మొక్కకు లేవు, జబ్బు వచ్చిపోయాక గుర్తుంచుకుని యాంటీబాడీలు తయారు చేసుకునే ఏర్పాటూ లేదు. ప్రతి కణం తన కాపలా తనే కాసుకోవాలి. దేన్ని గుర్తుపట్టాలో పుట్టుకతోనే జన్యువుల్లో రాసి ఉండాలి.

మొదటి కాపలా కణం బయట. శిలీంధ్రాల గోడలో కైటిన్ ఉంటుంది, మొక్కల్లో ఉండదు. కాబట్టి కైటిన్ ముక్క తగిలిందంటే బయటిదెవరో వచ్చినట్టే. వరి కణం ఉపరితలం మీద ఈ ముక్కలను పట్టుకునే ప్రొటీన్‌ను 2006లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు, దాని పేరు సెబిప్. దానికి సెర్క్1 అనే మరో ప్రొటీన్ తోడై కబురు లోపలికి పంపిస్తుంది, గోడలు గట్టిపడతాయి, శిలీంధ్రానికి పడని రసాయనాలు తయారవుతాయి. ఈ కాపలాకు ఏ జాతి శిలీంధ్రమైనా ఒకటే, కైటిన్ ఉంటే చాలు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది, మరి అగ్గితెగులు ఎందుకు వస్తోంది? ఎందుకంటే శిలీంధ్రం స్లిప్1 అనే ప్రొటీన్‌ను వదిలి, రాలిన కైటిన్ ముక్కలను సెబిప్ చేతికి చిక్కకముందే తనే పట్టేసుకుంటుంది. ఇది 2012లో తేలింది. కైటిన్ లేకుండా శిలీంధ్రం బతకలేదు, కాబట్టి దాన్ని దాచిపెట్టడం దానికి ఒక దారి.

ఇలా మొక్క కళ్ళు కప్పడానికి, తనకు అనుకూలంగా కణాన్ని మలుచుకోవడానికి శిలీంధ్రం వదిలే ప్రొటీన్లను ఎఫెక్టర్లు అంటారు. కొన్ని కణాల మధ్యే ఉండిపోతాయి, కొన్ని నేరుగా వరి కణం లోపలికి వెళ్తాయి. అందుకే రెండో కాపలా కణం లోపల ఉంది. ఎన్ఎల్ఆర్ అనే పెద్ద కుటుంబం ప్రొటీన్లు అక్కడ ఎఫెక్టర్లను గుర్తుపట్టే పని చేస్తాయి. వరిలో ఇలాంటి జన్యువులు నాలుగైదు వందలు ఉంటాయి. వియత్నాం నుంచి వచ్చిన టెటెప్ అనే రకం దశాబ్దాలుగా అగ్గితెగులును బాగా తట్టుకుంటోంది. దాని జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ, చదివి 2019లో ప్రచురించినప్పుడు 455 ఎన్ఎల్ఆర్ జన్యువులు లెక్క తేలాయి. వాటిలో 219 జన్యువులను ఒక్కొక్కటిగా తెగులు సోకే రకాల్లోకి పంపి చూస్తే 90 జన్యువులు కొన్ని శిలీంధ్ర తెగలకైనా అడ్డుపడ్డాయి. టెటెప్ గొప్పతనం ఏదో ఒక మహా జన్యువులో లేదన్నమాట, ఒక్కొక్కటీ కొన్ని తెగలను మాత్రమే గుర్తుపట్టే చాలా జన్యువులు ఒకేచోట ఉండటంలో ఉంది.

ఈ జత లెక్కను మొదట పట్టుకున్నది వరిలో కాదు. గోధుమలో కుంకుమ తెగులును తట్టుకునే గుణం మెండెల్ సూత్రాల ప్రకారమే పిల్లలకు వస్తుందని కేంబ్రిడ్జ్‌లో బిఫెన్ 1905లోనే చూపించాడు. కానీ అందరూ మొక్కనే చూస్తుంటే, అమెరికాలోని నార్త్ డకోటాలో ఫ్లోర్ అనే ఆయన 1940ల్లో అవిసె మొక్కలనూ, అవిసె తుప్పు తెగులు శిలీంధ్రాన్నీ రెండింటినీ విడివిడిగా సంకరం చేసి వాటి పిల్లలను చూశాడు. తట్టుకునే గుణానికి మొక్కలో ఒక జన్యువు ఉంటే, దానికి సరిగ్గా జతగా శిలీంధ్రంలోనూ ఒక జన్యువు ఉందని తేలింది. రెండూ ఉంటేనే మొక్క నిలబడుతుంది, ఏ ఒక్కటి లేకపోయినా తెగులు వస్తుంది. అప్పటికి డీఎన్ఏ నిర్మాణం కూడా తెలియదు, కేవలం సంకరాలు చేసి, మచ్చలు లెక్కపెట్టి ఈ మాట చెప్పాడు, వృక్ష వ్యాధుల శాస్త్రంలో ఇంతకు మించిన పని మరొకటి చూపించడం కష్టం.

వరిలో దీనికి చక్కటి ఉదాహరణ పై-టా. 928 అమైనో ఆమ్లాల ప్రొటీన్ అది. 918వ స్థానంలో అలనిన్ ఉంటే రకం తట్టుకుంటుంది, అక్కడే సెరిన్ ఉంటే తెగులు సోకుతుంది. అంతే తేడా! 2000లో ఈ జన్యువును వేరుచేసినప్పుడే, అది శిలీంధ్రం వదిలే ఏవీఆర్-పిటా అనే ప్రొటీన్‌ను నేరుగా పట్టుకుంటుందని కూడా చూపించారు. మరి శిలీంధ్రం ఎలా తప్పించుకుంది? దాని జీనోమ్‌లో అటూ ఇటూ దూకే డీఎన్ఏ ముక్కలు బోలెడు. వాటిలో పాట్3 అనేది వెళ్ళి సరిగ్గా ఏవీఆర్-పిటా జన్యువులో పడితే ఆ జన్యువు పాడైపోతుంది, పై-టాకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అమెరికాలో పై-టా ఉన్న వరి మీద సేకరించిన శిలీంధ్రంలో ఇదే కనిపించింది. ఇక్కడ గమనించాల్సింది, శిలీంధ్రం కొత్తగా ఏదీ సంపాదించుకోలేదు, ఉన్నదాన్ని పోగొట్టుకుంది, పోగొట్టుకోవడం చాలా తేలిక. ఒక్క మచ్చ నుంచి రోజుకు వేల బీజాలు వస్తుంటే, ఊరంతా ఒకే జన్యువున్న రకం వేసి ఉంటే, అలా పోగొట్టుకున్న ఒక్క బీజం చాలు.

గుర్తుపట్టాక మొక్క చేసే పని కంటికి కనిపిస్తుంది కూడా. ఎఫెక్టర్ తగిలిన కొన్ని ఎన్ఎల్ఆర్ ప్రొటీన్లు ఐదేసి కలిసి చక్రంలా ఏర్పడి, కణం పొరలో కాల్షియం చొరబడే రంధ్రంగా మారతాయి. 2019లో ఒక ప్రయోగశాల మొక్కలో, 2022లో గోధుమలోని ఎస్ఆర్35 అనే తుప్పు తెగులు జన్యువులో ఈ ఐదు రేకుల ఆకారాన్ని చూశారు. కాల్షియం చొరబడగానే ఆ కణం తనంతట తనే చచ్చిపోతుంది. మాగ్నపోర్తె మొదట్లో బతికున్న కణంలోనే పెరగాలి కాబట్టి అక్కడే ఇరుక్కుపోతుంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధనా సంస్థ లాంటి చోట్ల అగ్గితెగులు నర్సరీలు వేస్తారు. పరీక్షించే రకాలు వరసలుగా, వాటి చుట్టూ, మధ్యమధ్య హెచ్ఆర్-12 లాంటి సులువుగా తెగులు సోకే రకం, ఆకులు ఎప్పుడూ తడిగా ఉండే ఏర్పాటు. తర్వాత ఆకులు చూసి 0 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 9 అంటే ఆకులో ముప్పావు వంతుకు పైగా పోయినట్టు. 4 నుంచి అసలైన నూలుకండె మచ్చలు మొదలవుతాయి. 1 అంటే సూదిమొనంత గోధుమ రంగు చుక్కలు, అంతకు మించి పెరగవు. తెలియనివాళ్ళకు అది తెగులు మొదలైనట్టే ఉంటుంది, నిజానికి అది ముగిసిపోయిన యుద్ధం. శిలీంధ్రాన్ని పట్టుకుని చచ్చిన కణాల గుర్తులు అవి. ఇంకో సంగతి, ఒకే రకానికి ఒక కేంద్రంలో 2, మరో రాష్ట్రం కేంద్రంలో 7 రావడం మామూలే, ఎందుకంటే అక్కడి శిలీంధ్ర తెగలు వేరు. సంచి మీద రాసే ఒక్క ముక్కలో ఇదంతా పట్టదు.

ఎన్ఎల్ఆర్‌లలో అన్నిటికంటే ఆసక్తికరమైనది పిక్ అనే జంట. పిక్-1, పిక్-2 అని పక్కపక్కనే ఉండే రెండు జన్యువులు. పిక్-1 నడుమ ఉండకూడని ముక్క ఒకటి ఉంది, మామూలుగా లోహాలను పట్టుకునే చిన్న ప్రొటీన్లలో ఉండేది. అది అక్కడెందుకుంది అంటే, శిలీంధ్రం పంపే ఏవీఆర్-పిక్ అనే ఎఫెక్టర్ వెతుక్కుంటూ వచ్చేది ఆ చిన్న ప్రొటీన్లనే. వరి వాటి నకలును తీసి కాపలా ప్రొటీన్‌లో ఎరగా అతికించుకుంది. ఎఫెక్టర్ ఎరను పట్టుకోగానే దొరికిపోతుంది. శిలీంధ్రం కూడా ఊరుకోలేదు, ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చుకుంటూ ఎరకు చిక్కని ఏవీఆర్-పిక్ రూపాలు తయారు చేసుకుంది, వరిలోనూ ఎర మారిన పిక్ రూపాలు వచ్చాయి. ఈ ఎరను తీసేసి, దాని స్థానంలో ఒంటె జాతి జంతువుల్లో దొరికే చిన్న యాంటీబాడీ ముక్కలను అతికించినా ప్రొటీన్ పని చేస్తుందని 2023లో బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు. అంటే కావలసిన లక్ష్యాన్ని చెప్పి కాపలా ప్రొటీన్‌ను ఆర్డర్ మీద కుట్టించుకోవచ్చన్నమాట, సూత్రప్రాయంగా. పొలందాకా రావడానికి చాలా దూరం ఉంది, ఇప్పుడే సంబరం వద్దు.

అదే లోహాల ప్రొటీన్ కుటుంబంలో పై21 అనేది ఒకటి ఉంది, దాని కథ తిరగేసి ఉంటుంది. అది ఉంటేనే తెగులు సోకుతుంది, అది చెడిపోయిన రకాలే తట్టుకుంటాయి. జపాన్ మెట్ట వరిలో ఇది ఎప్పటినుంచో ఉంది, దశాబ్దాల పాటు ఎవరూ మంచి రకాల్లోకి తేలేకపోయారు. కారణం, దాని పక్కనే అన్నం రుచి చెడగొట్టే జన్యువు అంటుకుని ఉంది. ఆ రెంటినీ విడదీశామని 2009లో ప్రకటించారు. ఇలాంటి జన్యువు పూర్తిగా ఆపదు, తెగులును నెమ్మదింపజేస్తుంది, అందుకే ఎక్కువ కాలం నిలుస్తుంది. విత్తన మార్కెట్‌కు మాత్రం సున్నా మచ్చలు కావాలి.

గుర్తింపు పోతే ఏమవుతుందో బ్రెజిల్ గోధుమ రైతులకు తెలిసొచ్చింది. ఈ శిలీంధ్రానికి గోధుమ తినే అలవాటు ఉండేది కాదు. గోధుమలో ఉండే ఆర్‌డబ్ల్యూటీ3 అనే జన్యువు దాన్ని గుర్తుపట్టి ఆపుతుండేది. ఆ జన్యువు లేని అనావాక్ అనే రకాన్ని బ్రెజిల్‌లో విస్తారంగా వేశారు. 1985లో పరానా రాష్ట్రంలో గోధుమకు మొదటిసారి అగ్గితెగులు వచ్చింది. గడ్డి మీద బతికే శిలీంధ్రం ఆ రకం మీద మెట్టు ఎక్కింది, తర్వాత తనను పట్టిస్తున్న ఎఫెక్టర్‌ను వదిలేసుకుని మిగతా గోధుమ రకాల మీదికీ ఎక్కిందని 2017లో విప్పి చూపించారు. 2016లో అది బంగ్లాదేశ్‌లో దిగి సుమారు 15 వేల హెక్టార్లను దెబ్బతీసింది. సరిహద్దు దాటుతుందన్న భయంతో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నదియా, ముర్షిదాబాద్ జిల్లాల్లో గోధుమ వేయడమే ఆపించింది.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. అగ్గితెగులుకు వంద జన్యువులు దొరికితే, కోస్తా జిల్లాల్లో ఏటా ఏడిపించే పొడతెగులుకు ఒక్క గట్టి జన్యువు కూడా ఎందుకు దొరకలేదు? రెండు శిలీంధ్రాల బతుకు తీరు వేరు. పొడతెగులు శిలీంధ్రం కణాలను చంపి, చచ్చిన కణాన్ని తింటుంది. కణం ఆత్మహత్య చేసుకుంటే దానికి అది భోజనమే. దీనికి పరాకాష్ఠ అమెరికాలో 1940ల్లో ఓట్స్ పంటకు జరిగింది. తుప్పు తెగులును ఆపే జన్యువున్న విక్టోరియా అనే రకం నుంచి తీసిన వంగడాలను దేశమంతా వేశారు, అవి తుప్పును ఆపాయి కూడా. అంతలో వేరే శిలీంధ్రం ఒకటి వచ్చి, సరిగ్గా ఆ జన్యువున్న మొక్కలనే తన విషంతో చంపడం మొదలుపెట్టింది. ఆ కాపలా జన్యువునే కణాన్ని చంపే మీటలా వాడుకుంది. కాబట్టి పొడతెగులుకు తట్టుకునే రకం అని ఎవరైనా ధీమాగా అమ్మితే కాస్త ఆగి ఆలోచించాలి. ప్రస్తుతానికి దూరం నాట్లు, నత్రజని అదుపు, మందు, ఇవే దిక్కు.

మన దగ్గర జరుగుతున్న పని ఏమిటంటే, జనం తినే రకాన్ని మార్చకుండా జన్యువులను మాత్రం చేర్చడం. బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి, అదే బీపీటీ 5204కి, అన్నం బాగుంటుంది, ధర పలుకుతుంది, అగ్గితెగులు మాత్రం ఇట్టే సోకుతుంది. అలాగని జనం వేరే బియ్యం తింటారా? తినరు. తెలంగాణలో తెల్లహంస పరిస్థితీ అంతే. హైదరాబాద్ శాస్త్రవేత్తలు తెల్లహంసలోకి అగ్గితెగులుకు పై1, పై54, ఎండాకు తెగులుకు మరో రెండు జన్యువులు చేర్చి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఈ పై54 మన ఢిల్లీ ప్రయోగశాలలో 2005లో వేరుచేసిన జన్యువు, మూలం అదే టెటెప్. 2021లో వచ్చిన పూసా బాస్మతి 1847లో పై2, పై54 రెండూ ఉన్నాయి.

రెండేసి జన్యువులు ఎందుకంటే, శిలీంధ్రం ఒకేసారి రెండు ఎఫెక్టర్లను పోగొట్టుకోవడం చాలా అరుదు. కానీ దీన్ని పాత పద్ధతిలో, తెగులు పెట్టి మొక్కలు ఏరుకునే పద్ధతిలో చేయలేరు. పై2 ఉంటే చాలు మచ్చ పడదు, ఇక పై54 కూడా ఉందో లేదో మచ్చ చూసి చెప్పేదెలా? అందుకే నారు దశలోనే ఆకు ముక్క గిల్లి, డీఎన్ఏ తీసి, మార్కర్‌తో, అంటే జన్యువు ఉందో లేదో చెప్పే డీఎన్ఏ గుర్తుతో, రెండూ ఉన్న మొక్కనే ఏరుకుని మళ్ళీ సాంబ మసూరితోనో తెల్లహంసతోనో సంకరం చేస్తూ పోతారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు, వరి నుంచి వరికే, సంకరంతోనే. ఆ రెంటినీ కలిపేసి భయపెట్టే పోస్టులు చాలా కనిపిస్తుంటాయి, టెన్షన్ పడక్కర్లేదు.

జన్యువులన్నీ కుమ్మరించేస్తే సరిపోదా అంటే, కాపలాకు ఖర్చుంటుంది. చైనాలో గుమెయ్ 4 అనే రకం నుంచి తీసిన పిగ్మ్ అనే జన్యువుల గుంపు దగ్గర దాన్ని చక్కగా చూశారు. అక్కడ ఒక జన్యువు తెగులును ఆపుతుంది గానీ గింజ బరువు తగ్గిస్తుంది. పక్కనే ఉన్న మరో జన్యువు ఎక్కువగా పుప్పొడిలో మాత్రమే పని చేస్తూ దిగుబడి నష్టాన్ని పూడుస్తుంది. 2017లో తేలిన ఈ జంట లేకపోతే ఆ రకం రైతుకు గిట్టేది కాదు.

జన్యువు ఎంత మంచిదైనా దాన్ని ఎలా పరిచామన్న దాని మీదే ఆయుష్షు ఉంటుంది. దక్షిణ కొరియాలో 1970ల్లో టోంగిల్ రకాలు అగ్గితెగులును తట్టుకుంటాయని విపరీతంగా వేశారు, 1978లో తెగులు వాటి మీదే విరుచుకుపడింది. చైనాలోని యునాన్‌లో ఇందుకు పూర్తిగా వేరే దారి పట్టారు. తెగులు సోకే జిగురు వరిని హైబ్రిడ్ వరి వరసల మధ్య కలిపి నాటితే, విడిగా నాటినప్పటి కంటే జిగురు వరిలో తెగులు తీవ్రత 94 శాతం తగ్గిందని 2000లో ప్రచురించారు. జపాన్‌లోని నీగటాలో 2005 నుంచి కోషిహికారి బియ్యానికే, చూడటానికీ తినడానికీ తేడా లేని, అగ్గితెగులు జన్యువులు మాత్రం వేర్వేరుగా ఉన్న వంగడాలను కలిపి విత్తనంగా ఇస్తున్నారు.

సాంబ మసూరిలోకి వేర్వేరు పై జన్యువులు చేర్చిన వంగడాలు మన ప్రయోగశాలల్లోనూ తయారయ్యాయి, అలాంటి మిశ్రమం ఇక్కడ సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. అడ్డం పడేవి వేరే ఉన్నాయి. మన విత్తన ధ్రువీకరణ సంచిలో ఒకే రకం ఎంత స్వచ్ఛంగా ఉందనే కొలుస్తుంది, మిశ్రమానికి అందులో చోటు చూపించాలి. ఏ జిల్లాలో ఏ శిలీంధ్ర తెగలు తిరుగుతున్నాయో ఏటా చూసి, ఆ లెక్క ప్రకారం ఏ వంగడం ఎంత పాలు కలపాలో చెప్పే వ్యవస్థ కావాలి. ఒక్కసారి రకం విడుదల చేసి చేతులు దులుపుకుంటే కుదిరే పని కాదు, సీజన్ సీజన్‌కీ ఎవరో ఒకరు పొలాల్లో మచ్చలున్న ఆకులు కోసుకొచ్చి చూస్తూనే ఉండాలి. అలా చూసేవాళ్ళ జీతాలకూ, ప్రయోగశాల ఖర్చుకూ డబ్బు ఎవరు పెడతారన్నది తేలకుండా మిశ్రమం పొలందాకా రాదు.